మునిమాపు చీటీ

మా ఆయన పెట్టెలో నాలుగు వేల నూట పన్నెండు చీటీలున్నాయి. వాటిలో ఒకటి అబద్ధమని ఇరవై రెండేళ్లుగా నాకు తెలుసు. ఎలా తెలుసంటే, ఆ అబద్ధం ఆడింది నేనే.

ఆయన నిఘంటువు ఆఫీసులో పనిచేస్తారు. నిఘంటువు అనగానే అందరికీ అట్టతో సహా తయారైన లావుపాటి పుస్తకం గుర్తొస్తుంది. దాన్నీ ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని ముక్కముక్కగా తయారుచేయాలని ఎవరికీ తోచదు. అక్కడ అక్షరానికొక మనిషి. మా ఆయనకు 'మ' వచ్చింది. పాత కావ్యాల్లో ఉన్న 'మ' మాటల్లో ఏవేవి ఇంకా మనుషుల నోట బతికున్నాయో పట్టుకోవడం ఆయన పని. దొరికినదాన్ని పోస్టుకార్డంత చీటీ మీద రాస్తారు. పైన మాట, దాని కింద అర్థం, ఆ కింద మనిషి అన్న వాక్యం ఉన్నదున్నట్టు, అడుగున ఆ మనిషి ఎవరో, వయసెంతో, ఏ తేదీన అన్నారో. బస్సెక్కితే ఆయన దిగాల్సిన చోటు మరిచిపోయేవారు గాని, కండక్టరు తిట్టిన తిట్టు మరిచిపోయేవారు కాదు. తిట్టు 'మ'తో మొదలైతే ఇంకో రెండు స్టాపులు కూడా వెళ్లి వచ్చేవారు.

వాళ్ల ఆఫీసులో ఒక నియమం ఉంది. పెట్టెలో ఒక్క చీటీ కల్పించి రాసిందని తేలినా, ఆ మనిషి పోగుచేసిన పెట్టె మొత్తం పక్కన పెట్టేస్తారు. పుస్తకంలో అతని పేరు ఉండదు. 'జ' చూసే ఆయన పెట్టె అలాగే పోయింది. ఇప్పుడాయన అదే ఆఫీసులో, అదే కుర్చీలో కూర్చుని ఉత్తరాలకు స్టాంపులు అంటిస్తున్నాడు. మా ఆయన ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడేవారు, పోయిన మనిషి గురించి మాట్లాడినట్టు.

ఇక అబద్ధం సంగతి.

పెళ్లయిన కొత్తలో ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, గ్లాసుడు నీళ్లు తాగి, గోడకేసి చూస్తూ కూర్చునేవారు. కోపం లేదు, అలక లేదు. పొద్దస్తమానం మాటలతో గడిపిన మనిషికి ఇంటికొచ్చేసరికి మాటలు మిగిలేవి కావు. నేనేమో కాలేజీలో వక్తృత్వ పోటీలో బహుమతులు తెచ్చుకున్నదాన్ని. గోడతో పోటీ పడవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు డబ్బా మూత తీసి, "పిండి ముక్కిపోయిందండీ" అన్నాను. ఆయన గోడ వదిలేసి నావైపు తిరిగారు.

"ఇంకోసారి అను."

"పిండి ముక్కిపోయింది."

"మీ ఇంట్లో ఎవరనేవారు?"

"మా అమ్మమ్మ."

జేబులోంచి చీటీ వచ్చింది, కలం వచ్చింది. అమ్మమ్మ ఏ ఊళ్లో పుట్టింది, ఎలా నవ్వేది, పిండి ఒక్కటే ముక్కిపోతుందా బియ్యం కూడానా అని పది నిమిషాలు నా ముఖంలోకి చూస్తూ అడిగారు. ఆ పది నిమిషాల్లోనే నాకు లెక్క తెలిసిపోయింది. ఒక మాటకు పది నిమిషాల మొగుడు.

అమ్మమ్మ దగ్గర ఉన్న మాటలు ఆరు వారాలు వచ్చాయి.

ఏడో వారంలో ఒక సాయంత్రం ఆయనే అడిగారు. "మునిమాపు అనే మాట మీవాళ్లెవరైనా అనగా విన్నావా? కావ్యాల్లో కుప్పలుగా ఉంది. నోటివాడుక ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు."

"అంటే ఏంటి?"

"సాయంకాలం. సరిగ్గా చీకటి మొదలయ్యే వేళ. ముని అంటే ముందుది, కొసది. మునివేళ్లు, మునిపళ్లు అంటామే, ఆ ముని. మునులకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మాపు అంటే రాత్రి. రేపూ మాపూ అంటూ నా చొక్కా గుండీ కుట్టకుండా వాయిదా వేస్తున్నావే, ఆ మాపే. అందులో రేపు అన్నది కూడా మొదట తెల్లవారడమే."

"మరి మాపుకి ఆ పేరెలా వచ్చింది?"

"మాయడం నుంచి అంటారు కొందరు. బట్ట మాసినట్టు పగలు మాసిపోవడం. బాగుంది గాని రుజువు లేదు. రుజువు లేనిది నేను రాయను."

చెప్పడం అయిపోయింది. ఆయన ముఖం మళ్లీ గోడవైపు మళ్లుతోంది. నేను చూశాను. రాత్రి తన మునివేళ్లతో తలుపు తడుతున్నట్టు ఆ మాట నా చెవిలోనే ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా అమ్మమ్మ అనేది."

ఆ చీటీ ఇలా ఉంటుంది. *మునిమాపు: వీధిలో వచ్చే మనిషి ముఖం కంటికి ఆనకుండా, నడక మాత్రం ఆనే వేళ. 'మునిమాపయింది, మీ తాత నడక ఆనుతోంది.' చెప్పినవారు: నా భార్య అమ్మమ్మ, నా భార్య ద్వారా.* అర్థమూ నాదే, వాక్యమూ నాదే. ఆ సాయంత్రం నాకు నలభై నిమిషాలు దక్కాయి.

మొన్న బుధవారం ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. వంటింటి కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో ఆ నడక. చీటీల సంచీ బరువుకి కుడి భుజం ఒక పిడికెడు కిందికి, చిన్న చిన్న అంగలు, పెదవులు కదులుతూ. ముఖం చూడక్కర్లేదు. ఆ నడక మైలు దూరం నుంచి కూడా పోల్చుకుంటాను.

"ఏమోయ్, 'మ' అచ్చుకు వెళుతోంది" అన్నారు గుమ్మంలోనే. "పైనుంచి పరిశీలకుడు వచ్చాడు. నా పెట్టెలోంచి చూడకుండా ఐదు చీటీలు తీశాడు. సరిచూస్తాడట. నాలుగు ఆఫీసులోనే అయిపోయాయి. ఐదోది ఏంటో చెప్పుకో."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మునిమాపు! రేపు పొద్దున పదింటికి ఇక్కడికే వస్తాడు, నిన్ను అడగడానికి. అన్నిట్లోకీ అందమైన చీటీ అదేనన్నాడు. నా అదృష్టం చూడు, నాలుగు వేలల్లో నీ చీటీయే రావాలా!"

"అదృష్టమే" అన్నాను.

భోజనం చేస్తూనే నాకు శిక్షణ మొదలుపెట్టారు. మీ అమ్మమ్మ ఎక్కడ నిలబడి అంది? అప్పుడు నీ వయసెంత? ఎండాకాలమా, చలికాలమా? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో అబద్ధం. ఇరవై రెండేళ్లు ఒక్క అబద్ధంతో సంసారం చేశాను, ఆ పూట అన్నం తినేలోపు పదకొండు ఆడాను. చివరికి ఆయన, "మీ పిన్నిగారు కూడా అక్కడే పెరిగారుగా? ఆవిడ కూడా ఒక మాట చెబితే రెండో సాక్ష్యం అవుతుంది. వెళ్లి అడిగొస్తాను" అని లేచారు.

"మీరొద్దు. నేను వెళతాను. మీరు చొక్కా ఇస్త్రీ చేసుకోండి."

మా పిన్ని అంటే అమ్మకు చెల్లెలు. డెబ్భై ఒకటో ఏట కూడా పాత బట్టలు సరిచేసే కొట్టు నడుపుతోంది. పొడుగైన ప్యాంట్లు కత్తిరించడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం. కొట్టంతా సుద్దముక్కల వాసన, వేడి ఇస్త్రీ వాసన. ఎవరి బట్ట మీద వాళ్ల చీటీ గుచ్చి ఉంటుంది. ఆ రోజు ఆ చీటీల వైపు చూడకుండా లోపలికి వెళ్లాను. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకునే పిన్ని పలకరించింది.

"ఏమే, ఈ వేళప్పుడు? మీ ఆయన ఏదైనా మాట మింగాడా?"

"పిన్నీ, అమ్మమ్మ మునిమాపు అనేదా?"

"ఏంటది, దగ్గుమందా?"

"సాయంత్రం, పిన్నీ. సాయంత్రాన్ని అలా అనేదా అని."

"సాయంత్రాన్ని సాయంత్రమే అనేది. మహా అయితే దీపాల వేళ అనేది. ఎందుకే, ముఖం అలా పాలిపోయింది?"

చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. పిన్ని నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మెత్త మీద గుచ్చింది.

"ఇంతేనా? అనేదని చెప్తాను. ఎన్నిసార్లు అనేదని చెప్పమంటావు?"

"ఒక్కసారి చాలు పిన్నీ."

"ఒక్కసారంటే ఎవరు నమ్ముతారు? రోజూ అనేదంటాను. పోయేముందు ఆఖరి మాట కూడా అదేనంటాను. 'మునిమాపు' అని, తల ఇలా వాల్చేసింది." పిన్ని కుట్టుమిషను మీదికి తల వాల్చి చూపించింది.

"అమ్మమ్మ పోయింది పొద్దున తొమ్మిదింటికి."

"ఆ కళ్లజోడు వాడికేం తెలుసు?"

"కళ్లజోడు ఉందో లేదో నీకేం తెలుసు?"

"చీటీలు లెక్కపెట్టేవాడికి కళ్లజోడు ఉండకుండా ఎలా ఉంటుందే?"

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది. పిన్ని స్టూలు నా దగ్గరికి జరుపుకుంది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది. "నడకలు మాత్రం చెప్పేదే మీ అమ్మమ్మ. మీ తాతయ్య పనిచేసే మిల్లు వదిలే వేళకి గడపలో నిలబడేది. అప్పుడు వీధి దీపాలేవీ? ఒక్కరి ముఖం ఆనేది కాదు. 'ఆ కుంటినడక కాటావాడిది, ఆ పరుగు లెక్కల మాస్టారిది' అని చెప్పేది. మీ తాతయ్య నడక ఆనగానే లోపలికొచ్చి పొయ్యి వెలిగించేది. నువ్వు ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకునే నిలబడేదానివి."

నేను కల్పించాననుకున్న అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"అయితే పిన్నీ, సగం నిజమే కదా? మాట ఆవిడది కాదు గాని..."

"సగం ప్యాంటు తొడుక్కుని ఎవరైనా బజారుకెళతారటే?" అంది పిన్ని. ఆవిడ వేళాకోళంగానే అంది. నాకు సూది దిగినట్టే దిగింది. తలుపు దాకా వచ్చి అడిగింది. "సరేగాని, నువ్వు మా అమ్మ పేరు చెప్పి ఇచ్చినవి ఈ ఒక్కటేనా?"

"ఒక్కటే" అన్నాను.

బస్సులో కూర్చున్నాక అనుమానం మొదలైంది. ఒక్కటేనా? మునిమాపు తర్వాత 'మసకపొద్దు' అని ఇచ్చాను. అది అమ్మమ్మదా, నాదా? 'ముద్దరగా తినడం' అని ఒకటి ఇచ్చాను. అలా ఎవరైనా అంటారా అసలు? ఆయన ముఖం గోడవైపు తిరగబోయినప్పుడల్లా నోట్లోంచి ఏదో ఒకటి తీసి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు అది జ్ఞాపకమో, అవసరమో చూసుకోలేదు. అమ్మమ్మ పేరుతో మొత్తం అరవై మూడు చీటీలున్నాయని ఆయనే ఒకసారి గర్వంగా చెప్పారు. నా స్టాపు దాటిపోయింది. ఆయనలాగే ఇంకో రెండు స్టాపులు వెళ్లి నడిచి వెనక్కి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. ఇస్త్రీ చొక్కా కుర్చీ వీపున ఉంది. ఆయన బల్ల దగ్గర పరిశీలకుడు ఇచ్చిన ఫారం నింపుతున్నారు. నేను భుజం మీదుగా చూశాను. *మీకు మాటలు చెప్పినవారిలో అందరికంటే నమ్మదగినవారు ఎవరు?* అని అచ్చులో ఉంది. దాని కింద ఆయన గుండ్రటి అక్షరాలతో రెండే మాటలు. *నా భార్య.*

పిన్ని చెప్తానన్న సాక్ష్యం, రేపటికి అనుకున్న వాక్యాలు అన్నీ తలలోంచి జారిపోయాయి.

"ఏమండీ, ఆ చీటీ అబద్ధం."

"ఏ చీటీ?"

"మునిమాపు. అమ్మమ్మ ఎప్పుడూ అనలేదు. నేనే కల్పించాను."

ఆయన కలానికి మూత పెట్టారు. అరుస్తారని ఎదురుచూశాను. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అరవని మనిషి అరిస్తే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఆయన లేచి పెట్టె తెరిచి, వేళ్లతో వెతికి, ఒక కట్ట తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. రబ్బరుబ్యాండు తీశారు.

"ఇంకెన్ని?"

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఒక్కొక్కటే చదువుతాను. నిజమైతే ఎడమవైపు. కల్పించినదైతే కుడివైపు."

"తెలియకపోతే?"

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. అప్పుడు ముఖం ఎత్తి నన్ను చూశారు. "తెలియకపోవడం ఏంటి? నీ అమ్మమ్మ కదా" అన్నారు. గొంతు పెద్దది కాలేదు. నేను బల్ల నడుమ అరచేత్తో చోటు చూపించాను.

'ముక్కిపోవడం' ఎడమకు వెళ్లింది. 'మునిమాపు' కుడికి వెళ్లింది. 'మసకపొద్దు' నడుమకు వెళ్లింది. ఆయన చదవడం, నేను తలాడించడం. మొదట గబగబా, తర్వాత మెల్లగా. ముప్పయ్యో చీటీ దాటాక ఎడమవైపు ఉన్నవాటి మీద కూడా నాకు నమ్మకం పోయింది. 'ముక్కిపోవడం' అమ్మమ్మ అనేదా, అమ్మ అనేదా? దాన్నీ తీసి నడుమ పెట్టాను. ఆయన అడ్డుచెప్పలేదు. చివరికి ఎడమవైపు తొమ్మిది, కుడివైపు పద్నాలుగు. మిగిలిన నలభై నడుమ.

"ఇవి తీసేయండి" అన్నాను. "అరవై మూడూ తీసి పారేయండి. మిగతా నాలుగు వేలూ నిజమే కదా!"

"అవి నిజమని చెప్పవలసింది నేనే కదా ఇప్పుడు."

"పోనీ ఎవరికీ చెప్పొద్దు. రేపు ఆయనొస్తే అమ్మమ్మ అనేదనే చెప్తాను. పిన్ని కూడా చెప్తుంది. కాళ్లు పట్టుకుంటానండీ, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది" అన్నారు.

కిటికీ బయట వెలుగు సన్నగిల్లింది. ఇద్దరిలో ఎవరమూ లేచి లైటు వేయలేదు. బల్లకు అటువైపు ఆయన ముఖం కొంచెం కొంచెంగా చెరిగిపోతుంటే, నేను మాట్లాడుతూనే ఉన్నాను. గోడవైపు చూసే మనిషిని నావైపు తిప్పుకోవడానికి ఇచ్చానని చెప్పాను. పది నిమిషాల లెక్క చెప్పాను. అంతా విని ఆయన ఒక్క మాట అన్నారు.

"ఊరికే పిలిచినా తిరిగేవాణ్ణి."

అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. అదీ నడుమ వేయవలసిన చీటీయే.

పొద్దున తొమ్మిది కాకముందే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. పరిశీలకుడు ఇంటిదాకా రావలసిన పని లేదన్నారు. మునిమాపు చీటీ అడుగున, 'నా భార్య అమ్మమ్మ' అన్నదాన్ని కొట్టేసి, 'నా భార్య కల్పన' అని రాసి తేదీ వేశారు. ఆ చీటీ పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టారు. ఫారంలో *నా భార్య* అన్నదాన్ని కొడతారేమోనని చూస్తూ నిలబడ్డాను. దాన్ని ముట్టుకోకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. పెట్టెను సంచీలో దింపి, సంచీ భుజానికి తగిలించుకున్నారు.

"నేనూ వస్తాను. నేనే చెప్తాను, తప్పు నాదని."

"నీకు చీటీ రాయడం రాదు. రాసింది నేను" అని మెట్లు దిగి వెళ్లారు.

నేను ఇల్లు తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. ఆయన తొడుక్కెళ్లిన చొక్కాకి గుండీ ఒకటి ఊగుతోందని, నిన్న కూడా కుట్టలేదని గుర్తొచ్చింది. మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసి, "నేను ఎప్పుడు రావాలే? మంచి చీర కట్టుకున్నాను" అంది. అవసరం లేదన్నాను. అవతల మిషను చప్పుడు ఆగింది. "అంటే మీ ఆయనకి చెప్పేశావన్నమాట" అని ఫోన్ పెట్టేసింది.

నాలుగైంది. ఐదైంది. ఆయన రోజూ వచ్చే వేళ దాటింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. 'జ' ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేస్తే అది కిటికీ వైపు ఉంటుందా, గోడ వైపు ఉంటుందా అని ఆలోచిస్తూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను.

వీధి దీపాలు ఇంకా వెలగలేదు. ఎదురింటి గేటు ఉంది గాని, దాని మీద అక్షరాలు ఆనడం లేదు. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ముఖాలు లేవు. ఆ ఊపుతూ వచ్చే చేతులు పాల డిపో ఆవిడవి. ఆ ఆగి ఆగి నడిచేది మూడో ఇంటి రిటైర్డు కంపౌండరు. నాకు తెలియకుండానే ఒక్కొక్కరినీ పోల్చుకుంటున్నాను. కుడి భుజం దిగిన నడక కోసం, చిన్న అంగల కోసం, మలుపు మీదే కళ్లు పెట్టాను. వస్తే లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించాలి.

మలుపులోంచి ఎవరో ఒకాయన వచ్చాడు. రెండు చేతులూ ఖాళీ. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. ఎక్కడికీ వెళ్లవలసిన పని లేనట్టు పొడుగు పొడుగు అంగలు వేస్తూ, ప్రతి ఇంటి ముందూ కొంచెం నెమ్మదిస్తూ వస్తున్నాడు. ఇల్లు వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. అతని వెనకాలకి, మలుపులోకి చూస్తూనే ఉన్నాను.

ఆ మనిషి వచ్చి మా మెట్ల దగ్గర ఆగాడు.

"ఎవరు కావాలండీ?" అని అడిగాను. అప్పుడు కనబడింది, ఇస్త్రీ చొక్కా మీద ఊగుతున్న గుండీ.